అమ్మ దాచిన చీటీ: మత్తుమందు చరిత్రలో మనవాళ్ళ పేజీ



ఎప్పుడూ రైలు దారుల గురించి, పాత ఊళ్ళ గురించి రాసేవాళ్ళం. ఈ తూరి ఆస్పత్రి సంగతి రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు మాట అవ్వ దగ్గర వచ్చింది, తెలుగు అక్షరం ఉద్యోగంలో చేరినాక వచ్చింది. డాక్టర్లం కాదు, రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్పై ఏండ్లు గుమాస్తా పని చేసిన కుటుంబం. భాషలో తప్పు ఉంటే దిద్దండి. విషయం మాత్రం చివరి దాకా చదవండి. మీ ఇంట్లో ఒక ప్రాణానికి పనికి రావచ్చు.

1987, ఒక సాయంత్రం

మా చెల్లెలికి అప్పుడు 24 ఏండ్లు. కడుపునొప్పి అని తీసుకొని పోతే అపెండిసైటిస్ అన్నారు, ఆ సాయంత్రమే ఆపరేషన్ అన్నారు. చిన్న నర్సింగ్ హోమ్. ఊపిరి ఆడించే మెషీన్ అక్కడ లేదు. అప్పట్లో చాలా చోట్ల లేదు.

ఆపరేషన్ ముప్పావు గంటలో అయిపోయింది. పిల్ల మాత్రం ఊపిరి తీయలేదు. గుండె కొట్టుకుంటా ఉంది, రక్తపోటు బాగానే ఉంది, కానీ ఒంట్లో ఒక్క వేలు కదల్లేదు. మత్తు డాక్టరు నల్ల రబ్బరు బుడ్డ ఒకటి చేత్తో పిసికి ఊపిరి పోస్తా ఉన్నాడు. చెయ్యి నొప్పెట్టినప్పుడు నర్సమ్మ పిసికింది. మళ్ళీ ఆయన. అట్లా రాత్రి ఏడు నుంచి దాదాపు పన్నెండు దాకా. బయట బల్ల మీద మా అమ్మ వాసవమ్మ పేరు తలచుకుంటా కూర్చుంది. మా నాయన నోట మాట లేదు.

పన్నెండు కావస్తుండగా పిల్ల కనురెప్ప కదిలింది. తరువాత ఊపిరి. ఆ డాక్టరు బయటికి వచ్చినప్పుడు ఆయన చేతులు వణుకుతా ఉన్నాయి. మొదట అడిగిన మాట ఇది: "మీరు కోముట్టి చెట్టియార్లా?"

మా నాయనకు కోపం వచ్చింది. ప్రాణం పోయి వచ్చిన ఇంట్లో కులం అడుగుతాడేమి అని. ఆయన అడిగింది అందుకు కాదు. "మీవాళ్ళలో కొందరికి ఒక మందు ఒంటికి పడదని మా ప్రొఫెసరు చెప్పేవారు. ఈ రోజు కళ్ళారా చూసినాను" అన్నాడు. ఒక చీటీ రాసి ఇచ్చినాడు. స్కోలిన్ అనే మందు ఈ అమ్మాయికి ఎప్పుడూ ఇవ్వకూడదు, తోబుట్టువులకు కూడా రక్త పరీక్ష చేయించాలి అని అందులో ఉంది.

అమ్మ ఆ చీటీని మడిచి బియ్యం డబ్బాలో దాచింది. పెండ్లి కావాల్సిన పిల్ల. "ఆపరేషన్‌లో లేవలేదంట, ఏదో జబ్బు ఉందంట" అని నలుగురు అంటే సంబంధాలు వస్తాయా? ఎవ్వరికీ చెప్పొద్దని చెల్లెలి చేత ఒట్టు వేయించుకుంది. రెండేండ్లకు పెండ్లి అయింది. అత్తగారింట్లో ఒక్కరికీ తెలియదు. మేమూ నోరు తెరవలేదు.

ఆ చీటీ వెనకాల ఎంత చరిత్ర ఉందో తెలుసుకోవడానికి మాకు ఇరవై ఏండ్లకు పైన పట్టింది. అది ఇప్పుడు చెబుతాము.

తప్పు ఎవరిది? మందుదా, చేతిదా, ఒంటిదా?

1846 అక్టోబరు 16న అమెరికాలో బోస్టన్ ఆస్పత్రిలో ఈథర్ పీల్పించి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసి చూపించినారు. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫామ్ మొదలుపెట్టినాడు. లోకమంతా సంబరపడింది. ఆ సంబరం మూడు నెలలు కూడా నిలవలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏండ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి పోయి, క్లోరోఫామ్ పీల్చిన కొద్ది నిమిషాల్లో చనిపోయింది. కాలి గోరుకు ప్రాణం.

అప్పటి నుంచి ఒకటే తగువు. మందు చెడ్డదా, ఇచ్చిన చెయ్యి చెడ్డదా? ఈ తగువు తీర్చడానికి మన తెలుగు గడ్డ మీదే పెద్ద పరీక్ష జరిగింది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫామ్ మంచిదే, ఊపిరి మీద కన్నేసి ఉంచితే ఎవరూ చావరు అని వాదించేవాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇచ్చినాడు. 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. రెండో దానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు వచ్చినాడు. వందల కొద్దీ జంతువుల మీద చూసి, ముందు ఊపిరి ఆగుతుంది, గుండె తరువాతే ఆగుతుంది, కాబట్టి తప్పు మందుది కాదు, చేతిది అని తీర్పు చెప్పినారు.

ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. 1911లో లెవీ అనే ఆయన, తక్కువ మోతాదు క్లోరోఫామ్ కూడా గుండెను నేరుగా ఆపగలదని పిల్లుల మీద చూపించినాడు. కానీ ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న లారీ మాటలో నిజం ఉంది. మా చెల్లెల్ని కాపాడింది అదే కదా.

మందు, చెయ్యి. ఈ ఇద్దరు ముద్దాయిల దగ్గరే నూరేండ్లు గడిచిపోయినాయి. మూడో ముద్దాయి ఒకటి ఉంది: రోగి ఒంట్లో తాతల నుంచి వచ్చిన లెక్క. అది బయటపడిన కథే మన కథ.

బాణం విషం నుంచి స్కోలిన్ దాకా

దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్ళు బాణం మొనకు క్యురారే అనే విషం పూసేవారు. తగిలిన జంతువు కదలలేక, ఊపిరి తీయలేక పడిపోతుంది. నరం నుంచి కండరానికి పోయే కబురును అది మధ్యలో ఆపేస్తుందని ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ 1850ల్లో తేల్చినాడు. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని ఆపరేషన్‌లో వాడినారు. కడుపు కండరాలు మెత్తబడితే సర్జన్‌కు పని సులువు, మత్తు కూడా తక్కువ చాలు.

అయితే క్యురారే పని చాలాసేపు ఉంటుంది. చిటికెలో పట్టి చిటికెలో వదిలే మందు కావాలి. అట్లాంటిది అప్పటికే ఒకరి చేతిలో ఉండి జారిపోయింది! 1906లో అమెరికాలో రీడ్ హంట్, టావో అనే ఇద్దరు సక్సినైల్‌కోలిన్‌ను జంతువులకు ఎక్కించి రక్తపోటు చూసినారు. ఆ జంతువులకు ముందుగానే క్యురారే ఇచ్చి కదలకుండా చేసి ఉన్నారు. అప్పటికే కదలని జంతువు ఈ కొత్త మందు వల్ల కదలడం లేదని ఎట్లా తెలుస్తుంది? నలభై ఏండ్లు ఎవరికీ తెలియలేదు. 1949లో రోమ్‌లో డానియెల్ బోవే దాని అసలు గుణం కనిపెట్టినాడు. 1951 నుంచి స్టాక్‌హోమ్, వియన్నా ఆస్పత్రుల్లో మనుషులకు వాడుక మొదలైంది. బోవేకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మందునే మన ఆస్పత్రుల్లో స్కోలిన్ అని పిలుస్తారు.

నిమిషం లోపల పట్టేస్తుంది, ఐదు పది నిమిషాల్లో వదిలేస్తుంది. గొంతులోకి ఊపిరి గొట్టం దించడానికి ఇంత అనువైన మందు ఇంకొకటి లేదని డాక్టర్లు సంతోషించినారు.

ఎందుకు అంత తొందరగా వదులుతుంది? మన రక్తంలో ఒక ఎంజైము తిరుగుతా ఉంటుంది. కాలేయంలో తయారవుతుంది. పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. పాత పుస్తకాల్లో సూడోకోలినెస్టరేజ్ అని ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే ఇది గేటు దగ్గర నిలబడే టికెట్ కలెక్టరు. సూదిలో వంద పాళ్ళ మందు ఎక్కిస్తే సుమారు తొంభై పాళ్ళను రక్తంలోనే పట్టుకొని విరగ్గొట్టేస్తుంది. పది పాళ్ళే కండరం దాకా పోతాయి. అవి కూడా కాసేపట్లో రక్తంలోకి తిరిగి వచ్చి విరిగిపోతాయి. ఆ టికెట్ కలెక్టరు డ్యూటీలో లేకపోతే? జనమంతా ఒక్కసారిగా ప్లాట్‌ఫారం మీద పడతారు. ఐదు నిమిషాల మందు ఐదు గంటల మందు అవుతుంది.

మూడో ముద్దాయి దొరికిన రోజులు

మందు వాడుకలోకి వచ్చిన మరుసటి ఏడే, 1952లో, ఇంగ్లండులో కొందరు రోగులు గంటల తరబడి ఊపిరి తీయలేదు. ఎవాన్స్, గ్రే, లేమన్, సిల్క్ అనే నలుగురు వాళ్ళ రక్తంలో ఆ ఎంజైము తక్కువగా ఉందని చూపించినారు. ఇందులో హెర్మన్ లేమన్ పేరు మనవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి. జర్మనీలో పుట్టిన యూదుడు, నాజీల కాలంలో ఇంగ్లండు చేరినాడు, యుద్ధంలో బ్రిటిష్ సైన్యం డాక్టరుగా ఇండియాలో పని చేసినాడు. 1952లోనే మన నీలగిరి కొండల్లో ఆదివాసీల రక్తం పరీక్షించి, సికిల్ సెల్ లక్షణం దక్షిణ ఇండియాలో కూడా ఉందని రాసినవారిలో ఆయన ఒకడు. ఒకే మనిషి, ఒకే ఏడు, రెండు పనులు. రెండింటిలోనూ ఒకటే చూపు: జబ్బును మనిషిలో మాత్రమే కాదు, వంశంలో కూడా వెతకాలి.

1957లో కెనడాలోని టొరంటోలో వెర్నర్ కాలో ఇంకో అడుగు వేసినాడు. కొందరిలో ఎంజైము తక్కువ కాదు, దాని గుణమే వేరు అని తేల్చినాడు. డైబుకైన్ అనే మందు కలిపితే మామూలు ఎంజైము పని సుమారు 80 శాతం ఆగిపోతుంది, తేడా ఉన్న ఎంజైము పని 20 శాతమే ఆగుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వేరువేరుగా వచ్చినవాళ్ళకు 60 దగ్గర నిలుస్తుంది. దీనికి డైబుకైన్ నంబరు అని పేరు. మందు పడటం, పడకపోవడం పుట్టుకతో వస్తుందని చెప్పే శాస్త్రానికి ఇది మొదటి మెట్లలో ఒకటి. 1962లో ఆయన ఆ శాస్త్రం మీద పుస్తకమే రాసినాడు.

అదే 1962లో లిడెల్, లేమన్, సిల్క్ ఇంకో రకాన్ని చూసినారు. గుణం వేరు కావడం కాదు, ఎంజైము పనే దాదాపు లేదు. దానికి సైలెంట్ జీన్ అని పేరు పెట్టినారు. మౌన జన్యువు. ఈ పేరు చదివినప్పుడు మాకు మా ఇల్లు గుర్తుకు వచ్చింది. జన్యువూ మౌనం, మేమూ మౌనం.

ఇంగ్లండు, అమెరికా జనంలో ఈ మౌన రకం లక్షలో ఒకరికి ఉంటే గొప్ప. డాక్టరు జీవితమంతా పని చేసినా ఒక్కరు కనిపించకపోవచ్చు.

కోయంబత్తూరులో తేలిన లెక్క

ఇప్పుడు మన పేజీ.

1979లో రావు, గోపాలం అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో ఈ మౌన జన్యువు చాలా ఎక్కువగా ఉందని హ్యూమన్ జెనెటిక్స్ అనే పత్రికలో ప్రకటించినారు. మా చెల్లెలి ఆపరేషన్‌కు ఎనిమిదేండ్ల ముందు. ఆ డాక్టరు ప్రొఫెసరుకు సంగతి ఎట్లా తెలిసిందో ఇప్పుడు అర్థమవుతుంది. శాస్త్రానికి తెలుసు, మత్తు డాక్టర్లకు తెలుసు. తెలియనిది మనకే.

తరువాత కోయంబత్తూరులో భారతియార్ విశ్వవిద్యాలయంలో మనోహరన్, భూపతి అనేవారు, అమెరికాలో నెబ్రాస్కాకు చెందిన ఒక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి మన వైశ్య కుటుంబాల రక్తం పరీక్షించినారు. 2006లో ఫలితం అచ్చయింది. దాదాపు ప్రతి 25 మందిలో ఒకరికి ఎంజైము పని లేదు. యూరోప్, అమెరికా జనంతో పోల్చితే ఇది సుమారు 4000 రెట్లు. కారణం ఒకే ఒక అక్షరదోషం. ఆ ఎంజైము గొలుసులో 307వ పూస ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంది. ఒకరికొకరు చుట్టరికం తెలియనివాళ్ళలో కూడా అదే 307, అదే మార్పు.

గుమాస్తా బుద్ధి ఊరుకోదు కదా, లెక్క వేసినాము. 25లో ఒకరికి రెండు వైపుల నుంచీ ఈ మార్పు వచ్చిందంటే, జన్యువుల్లో ఐదింట ఒకటి మారిందన్నమాట. అట్లయితే ఒక్క వైపు నుంచి వచ్చినవాళ్ళు 25లో సుమారు 8 మంది. అంటే ముగ్గురిలో ఒకరికి దగ్గర. వీళ్ళకు మామూలుగా ప్రమాదం ఉండదు, కానీ పిల్లలకు ఇవ్వగలరు. అట్లాంటి ఇద్దరు పెండ్లి చేసుకుంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక పాలు అవకాశం.

ఇది జబ్బు కాదని కూడా వాళ్ళే రాసినారు. 2007లో అదే బృందం ఎంజైము లేనివాళ్ళ ఆరోగ్యం విచారించి, మామూలు బతుకులో వాళ్ళకు ఏ లోటూ కనిపించలేదని చెప్పింది. తింటారు, తిరుగుతారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్ళవుతారు. ఆపరేషన్ బల్ల మీద ఆ ఒక్క రకం మందు తగిలినప్పుడే తేడా తెలుస్తుంది. ఆ మాట మా అమ్మకు 1987లో ఎవరైనా నిదానంగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆ చీటీ బియ్యం డబ్బాలోకి పోయేది కాదేమో.

ఎందుకు మనవాళ్ళలోనే ఇంత? 2009లో డేవిడ్ రైక్, హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్ మొదలైనవారు నేచర్ పత్రికలో ఒక పరిశోధన అచ్చు వేసినారు. అందులో వైశ్యుల గురించి ప్రత్యేకంగా ఉంది. వందకు పైన తరాల ముందు కొద్దిమంది మూలపురుషుల నుంచి ఈ గుంపు మొదలైంది, అప్పటి నుంచి బయట పెండ్లిండ్లు చాలా తక్కువ. 102 గోత్రాలు, పెనుగొండ కథ, మేనరికం నియమం, ఇవన్నీ మనకు తెలిసినవే. శాస్త్రం తన పద్ధతిలో అదే దారిని చూపించింది. ఆ కొద్దిమందిలో ఒకరి దగ్గర ఈ 307 ఉంది. తలుపు మూసిన ఇంట్లో అది తరం తరం తిరుగుతా ఉంది. మేనరికం దాన్ని ఇంకొంచెం దగ్గరికి చేరుస్తుంది, కానీ అసలు కారణం మూసిన తలుపే.

ఇతర కులాల తమ్ముళ్ళు ఇది చెట్టియార్ల సంగతి అని పక్కన పెట్టొద్దు. 2017లో వచ్చిన ఇంకో పరిశోధనలో దక్షిణాసియాలో 263 గుంపులు చూస్తే, 81 గుంపులు ఇట్లాగే కొద్దిమంది నుంచి పెరిగినవని తేలింది. అందులో పది లక్షల జనాభా దాటినవి 14. ఒక్కో ఇంట్లో ఒక్కో చీటీ ఉంటుంది. మనది ముందుగా చదవగలిగినారు, అంతే.

మెల్‌బోర్న్ పిల్లవాడు, మా ఇంటి పిల్లవాడు

1960లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ ఆస్పత్రికి 21 ఏండ్ల విద్యార్థి ఒకడు కాలు విరిగి వచ్చినాడు. విరిగిన కాలు కన్నా మత్తుమందు అంటేనే ఎక్కువ భయపడినాడు. మా చుట్టాల్లో పదిమంది ఈథర్ మత్తులో చనిపోయినారు అని చెప్పినాడు. డాక్టర్లు ఆ మాట కొట్టిపారేయలేదు. ఈథర్ మాని, అప్పటికి కొత్తదైన హాలోథేన్ జాగ్రత్తగా మొదలుపెట్టినారు. పది నిమిషాల్లో రక్తపోటు పడిపోయింది, ఒళ్ళు కాలిపోయింది. ముందే అనుమానంతో ఉన్నారు కాబట్టి వెంటనే మందు ఆపి, మంచుగడ్డలు చుట్టి బతికించినారు. డెన్‌బరో, లొవెల్ అనే డాక్టర్లు లాన్సెట్‌కు రాసిన చిన్న ఉత్తరంతో ఒక కొత్త జబ్బు లోకానికి తెలిసింది. దాన్ని మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అంటారు. ఇది కండరంలో కాల్షియం అదుపు తప్పే వంశపారంపర్య దోషం. దీన్ని రెచ్చగొట్టేవాటిలో స్కోలిన్ కూడా ఉంది. 1975లో దక్షిణాఫ్రికాలో హారిసన్ అనే ఆయన పందుల మీద చూసి డాంట్రోలీన్ దీనికి విరుగుడు అని తేల్చినాడు.

ఆ పిల్లవాడిని ముందుగా కాపాడింది ఏది? ఇంటివాళ్ళ జ్ఞాపకం. పదిమంది పోయినారని ఇల్లు దాచలేదు. వాడు డాక్టరు ముందు నోరు తెరిచినాడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2009లో మా అన్న కొడుకు బండి మీద నుంచి పడినాడు. తొడ ఎముక విరిగింది. పెద్ద ఆస్పత్రి. రాత్రికి రాత్రి ఆపరేషన్. మత్తు డాక్టరమ్మ పద్ధతిగా అడిగింది: "ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్‌లో ఇబ్బంది అయిందా?" మా అన్న "లేదండి" అన్నాడు. మేము పక్కనే నిలబడి ఉన్నాము. ఒట్టు వేసిన నోళ్ళు, తెరుచుకోలేదు. ఇరవై రెండేండ్ల కిందటి మాట, చెల్లెలికి అయింది కానీ పిల్లవాడికి ఎందుకు అవుతుంది అనుకున్నాము. మా వదిన మా మేనమామ కూతురే. ఆ లెక్క అప్పుడు మాకు తెలియదు.

పిల్లవాడు ఐదు గంటలు ఊపిరి తీయలేదు.

ఈ తూరి మెషీన్ ఉంది. డాక్టరమ్మకు సంగతి వెంటనే తట్టింది. ఊపిరి మెషీన్ మీద పెట్టి, మత్తు ఆపకుండా నిద్రలోనే ఉంచింది. తెల్లవారి లేచినప్పుడు వాడికి ఏమీ గుర్తు లేదు. బయటికి వచ్చి మళ్ళీ అడిగింది, ఇంట్లో ఎవరికీ లేదా అని. అప్పుడు మా చెల్లెలు ముందుకు వచ్చి, "నాకు అయిందమ్మా" అన్నది.

తరువాత మాతో ఒక మాట చెప్పింది. "అన్నా, ఆ రోజు నాకు అన్నీ వినిపించినాయి." ఆపరేషన్ అయిపోయి మత్తు తగ్గించినారు. తెలివి వచ్చేసింది. ఒళ్ళు మాత్రం రాలేదు. కన్ను తెరవలేదు, అరవలేదు, ఊపిరి కూడా తనది కాదు. నర్సమ్మ ఈ పిల్లకు పెండ్లి అయిందా అని అడగడం వినింది. బయట అమ్మ ఏడుపు వినింది. తాను చచ్చిపోయినాను, ఇంక ఎత్తుతారు అనుకుంది. ఇరవై రెండేండ్లు ఆ మాట లోపల పెట్టుకుంది. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "చెప్పొద్దని కదా అందరూ అన్నారు" అన్నది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ నెలలో ఇంట్లో పదకొండు మందికి పరీక్ష చేయించినాము. ముగ్గురికి దాదాపు సున్నా. కొందరికి సగం, ఈ వ్యాసం రాసే చెయ్యి కూడా ఆ సగంలోదే.

మనం చేయాల్సింది

రైల్వేలో కాషన్ ఆర్డర్ అని ఒకటి ఉంటుంది. ముందు ఫలానా కిలోమీటరు దగ్గర పట్టా బలహీనంగా ఉంది, మెల్లగా పో అని కాగితం మీద రాసి డ్రైవర్ చేతికి ఇస్తారు. ఆ కాగితం అందితే ఏ ప్రమాదమూ లేదు, బండి మెల్లగా దాటిపోతుంది. స్టేషన్ మాస్టరు ఆ కాగితం జేబులో దాచుకుంటే? ఆ డాక్టరు ఇచ్చిన చీటీ మన కాషన్ ఆర్డర్. మనం దాన్ని బియ్యం డబ్బాలో పెట్టినాము.

మాకు తెలిసినవి, డాక్టర్లను అడిగి సరిచూసుకున్నవి చెబుతాము.

ఒకటి. ఆర్యవైశ్య కుటుంబాల వాళ్ళు ఏ ఆపరేషన్‌కు పోయినా మత్తు డాక్టరుకు ఆ మాట ముందే చెప్పండి. కులం చెప్పడానికి సిగ్గు గానీ గొప్ప గానీ అక్కర్లేదు, బ్లడ్ గ్రూప్ చెప్పినట్టు చెప్పండి. సిజేరియన్‌కు, మనోవ్యాధికి ఇచ్చే కరెంటు చికిత్సకు కూడా చెప్పాలి, అక్కడ కూడా స్కోలిన్ వాడతారు.

రెండు. పరీక్ష పేరు సీరం కోలినెస్టరేజ్. పురుగుమందు తాగినవాళ్ళకు చేసే పరీక్షే ఇది, కాబట్టి పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది. గర్భిణులకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క మామూలుగానే తగ్గుతుంది. అందుకని ఫలితం చూసి మీరే తీర్పు చెప్పుకోవద్దు, డాక్టరుకు చూపించండి.

మూడు. లెక్క తక్కువ అని తేలితే భయం వద్దు. స్కోలిన్, మైవాక్యూరియం ఈ రెండూ పనికిరావు. వేరే మందులు ఉన్నాయి. రోక్యురోనియం ఇచ్చి, సుగమాడెక్స్‌తో దాన్ని వదిలించే పద్ధతి ఇప్పుడు ఉంది. తెలియక స్కోలిన్ ఇచ్చినా, మెషీన్ మీద ఊపిరి ఆడిస్తా, నిద్రలో ఉంచి కాచుకుంటే మందు తనంతట తానే దిగిపోతుంది.

నాలుగు. ఒకరికి తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి. ఫలితం కార్డు మీద రాసి పర్సులో పెట్టండి, ఆధార్ కార్డు పక్కన. ప్రమాదం జరిగినప్పుడు మనం మాట్లాడలేకపోవచ్చు, కార్డు మాట్లాడుతుంది.

ఐదు. కండరాల జబ్బు ఉన్న పిల్లలు ఏ కులం ఇంట్లో ఉన్నా ఇదే జాగ్రత్త. మగపిల్లలకు వచ్చే కండరాల క్షీణత జబ్బులో స్కోలిన్ ఇస్తే రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగవచ్చు. జబ్బు బయటపడని పిల్లలకు కూడా ఇట్లా జరిగిందని 1990ల్లో అమెరికాలో ఆ మందు మీద పెద్ద హెచ్చరిక వేయించినారు. మయస్తీనియా ఉన్నవాళ్ళకు కండరాలు మెత్తబరిచే మందుల మోతాదే మారిపోతుంది. కాబట్టి నడకలో, లేవడంలో, రెప్పలు నిలపడంలో ఏ బలహీనత ఉన్నా ముందే చెప్పండి.

ఆఖరు మాట సంబంధాలు చూసే పెద్దలకు. మా అమ్మను తప్పు పట్టడానికి మాకు మనసు రాదు. ఆడపిల్ల తల్లి భయం అది. ఆ భయం పెట్టింది మనం, ఈ సంఘం, ఈ చుట్టాలు. జాతకంలో కుజదోషం గురించి గంట మాట్లాడతాము, పరిహారం కూడా చెబుతాము. ఈ 307 దోషానికి పరిహారం పర్సులో ఒక కార్డు. అంత చిన్న దానికి సంబంధం వద్దనే ఇల్లు ఉంటే, ఆ ఇంట్లో కూడా ముగ్గురిలో ఒకరి దగ్గర ఇదే జన్యువు ఉందని లెక్క చెప్పండి.

అమ్మ పోయి ఆరేండ్లు అయింది. ఇల్లు సర్దినప్పుడు ఆ చీటీ దొరికింది, పసుపు పట్టి, మడతల దగ్గర చిరిగి. సిరా ఇంకా చదవడానికి వస్తుంది. మా చెల్లెలు దాన్ని లామినేట్ చేయించింది. పోయిన నెల ఆమె మనవరాలికి టాన్సిల్ ఆపరేషన్ అయినప్పుడు, ఫైలులో మొదటి కాగితంగా దాన్నే పెట్టి తన చేత్తో డాక్టరుకు ఇచ్చింది. పిల్ల గంటలో లేచి ఐస్‌క్రీమ్ అడిగింది.

మీ ఇండ్లలో ఇట్లాంటివి ఉంటే ఇక్కడ పేర్లు పెట్టి రాయొద్దు, అది మీ ఇంటి సొంత విషయం. మీ డాక్టరుకు చెప్పండి, మీ పిల్లలకు చెప్పండి. వచ్చే సంఘం కూటానికి ఖాళీ కార్డులు కొన్ని అచ్చు వేయించి తెస్తాము. కావలసినవాళ్ళు తీసుకొని పోవచ్చు.

సెలవు.